ఎర్ర చుక్కను తీసేశాను, అక్కా

ప్రేమగల మార్తక్కకు,

నీ చెల్లెలు దీవెన చేస్తున్న వందనాలు. దేవుడి దయవల్ల నేనిక్కడ వేళకు తింటూ, ఏ నలతా లేకుండా ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పొదిలి డాక్టరు దగ్గుకు రాసిన మాత్రలు బావ సగంలో ఆపేశాడని పిల్లలు చెప్పారు. దగ్గు తగ్గినా ఆపొద్దని నా మాటగా చెప్పు.

మొన్న ఫోన్లో నువ్వు, "తుపాకీ పట్టినావంట, ఏందే ఇది? గొర్రెల పనని గదా పోయినావు! చాల్లే, వచ్చెయ్" అని ఏడ్చి పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బావ చేత చదివించుకోవద్దు, నువ్వే చదువు.

నేను చేసేది గొర్రెల పనే. మా యజమాని హెలెన్ పెద్ద వయసు మనిషి. భర్త పోయినా ఈ కొండల్లో ఫారాన్ని వదలలేదు. మీకు వానలు పడే నెలల్లో న్యూజిలాండ్‌లో చలి. ఆ చలి చివర్లోనే ఇక్కడ గొర్రెలు ఈనుతాయి. పుట్టిన పిల్ల లేచి నిలబడే లోపే అడవిపందులొచ్చి తినేస్తాయి. మన వైపు పందులు చేను తవ్విపోతే ఎంత కడుపు మండేదో నీకు తెలుసు. ఇక్కడ పొద్దున వెళ్లి చూస్తే పిల్ల ఉండదు. తల్లి గొర్రె ఆ చోటనే నేల వాసన చూస్తూ అరుస్తూ ఉంటుంది. మొదటిసారి అది చూసిన రోజు నాకు అన్నం దిగలేదు.

అదే సమయంలో హెలెన్ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక రైఫిలు ఎత్తలేకపోయింది. "నేర్చుకుంటావా?" అని నన్నడిగింది. దొంగచాటు పని కాదక్కా. శిక్షణకు వెళ్లాను, పరీక్ష రాశాను, పోలీసులు ఇంటికొచ్చి అన్నీ అడిగి తెలుసుకున్నాకే లైసెన్సు ఇచ్చారు. రైఫిలు ఇనుప పెట్టెలో తాళం వేసి ఉంటుంది.

రమణన్న గురించి చెప్పాను కదా, పక్క పాల ఫారంలో పనిచేసే గిద్దలూరాయన. వాళ్ల నాయనకు స్టేషన్ దగ్గర దుకాణం ఉండేది. నాకు బాగా ఒంటరిగా అనిపించిన ఆదివారాల్లో వాళ్లింట్లోనే అన్నం, పప్పు. నేను గురి నేర్చుకుంటున్నానని విని ఆయన ఒక రెడ్ డాట్ సైటు కొనుక్కొచ్చాడు. రైఫిలు మీద బిగించే చిన్న అద్దం అది. లోపల ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క ఎక్కడ పెడితే గుండు అక్కడ తగలాలి.

"ఖరీదైనవి మనకెందుకు చెల్లెమ్మా? చవకైనా ఇదీ అట్లాంటిదే. బిగించినావంటే గురి తప్పదు" అన్నాడు.

కుందేళ్లను కొట్టే చిన్న రైఫిలు మీద పెడితే నిజంగానే బాగా పనిచేసింది. నాకు సంతోషమైంది. పందుల కోసం వాడే పెద్ద రైఫిలు వేరు. కాల్చినప్పుడల్లా భుజాన్ని తన్నుతుంది. దాని మీద పెట్టాక కూడా మొదటి రోజు గుండ్లన్నీ కాగితం మీద ఒకే చోట పడ్డాయి. కొన్నాళ్లు నాలుగు చక్రాల బండి మీద గతుకుల్లో తిప్పి మళ్లీ కాల్చి చూస్తే జానెడు పక్కకు పోయాయి. మరలు గట్టిగా బిగించి గురి సరిచేశాను. మళ్లీ పక్కకు జరిగింది.

"కొంచెం ఎడమకి పట్టి కొట్టు, ఏం గాదు" అన్నాడు రమణన్న.

"ఈసారి ఎంత జరిగిందో మనకేం తెల్సన్నా?" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. పెద్దాయన ప్రేమతో ఇచ్చింది వెంటనే తీసేయలేక మరోసారి సరిచేసి, అలాగే ఉంచాను.

తర్వాత ఒక ఉదయం మంచులో ముళ్లకంచె బాగుచేస్తున్నాం. ఆయనే చూపించాడు, ఈనుతున్న గొర్రె వైపు పెద్ద పంది నడిచి వస్తోంది. రైఫిలు ఎత్తాను. చుక్క కనిపించింది. వేలు కదపబోయేలోగా ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. పంది వెనకాల ఇంకో గొర్రె, దాని పొట్ట కింద రెండు పిల్లలు.

"కొట్టు చెల్లెమ్మా! పోతాది, కొట్టు!"

నేను రైఫిలు దించేశాను. గుండు తీసేసి పక్కన పెట్టి, మేకుల బకెట్ పట్టుకుని రాయితో బాదుతూ, గొంతు చించుకుని అరుస్తూ దాని మీదికి పరిగెత్తాను. అది ఆగి నన్నే చూసింది. నా కాళ్లు ఆగలేదు. చివరికి వెనక్కి తిరిగి పొదల్లోకి దూరింది.

"చేతికొచ్చినదాన్ని వదిలేస్తివే!" అని రమణన్న కోప్పడ్డాడు.

"గొర్రెకు తగిలుంటే? పందికే తగిలీ తగలక, అది రక్తం కార్చుకుంటా ఏ గుట్టల్లోనో పడి ఏడుస్తుంటే? దానికి ఎవరు జవాబు చెప్తారన్నా?"

ఆయన తనే స్క్రూ డ్రైవర్ తీసి నా చేతికిచ్చాడు, ఆ సైటు విప్పెయ్యమన్నట్టు.

హెలెన్‌కు చెబితే, చవకవన్నీ చెడ్డవని కాదని, ఏ సైటునైనా మన రైఫిలు మీద మన గతుకుల్లో పరీక్షించే దాకా నమ్మకూడదని అంది. ఇది ఆ పరీక్షలో తప్పింది. దాన్ని చిన్న రైఫిలుకే ఉంచాం. రమణన్నకూ లైసెన్సు ఉంది, ఆయన ఇప్పుడు కుందేళ్లకు పోయే ముందు ప్రతిసారీ కాగితం మీద కాల్చి చూసుకుంటున్నాడు.

పెద్ద రైఫిలుకు దానితోపాటే వచ్చిన ఇనుప గురి ఉంది, వెనక గాడి, ముందు ముల్లు. రోజూ సాయంత్రం దానితోనే సాధన చేశాను. భుజం కమిలి నల్లబడింది. ప్రతి గుండూ అరచేయంత చోటులో పడేదాకా పంది జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. ఈలోపు ఇంకో పిల్లను పోగొట్టుకున్నాం. అయినా తొందరపడలేదు.

చివరికి ఒక ఉదయం ఆ పెద్ద పంది వాగు పక్కకు దిగింది. దాని వెనక మట్టిగట్టు తప్ప మరేం లేదు. గాలికి ఎదురుగా పాకుతూ బాగా దగ్గరికి వెళ్లాను. ఒక్క గుండుకే పడిపోయింది, మళ్లీ కదల్లేదు. నాకు సంతోషం రాలేదక్కా. అక్కడే కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఈ ఈతల కాలంలో ఒక్క పిల్ల కూడా పోలేదు.

వచ్చే ఏడు ఈతల పని మొత్తం నన్నే చూసుకోమంది హెలెన్. నేను ఒప్పుకున్నాను. అందుకు ఇప్పట్నుంచే మంద పనులన్నీ నేర్చుకోవాలి, కాబట్టి ఈ క్రిస్మస్‌కు రాలేను. నీకు కోపమొస్తుందని తెలుసు. అయినా నా మాట మారదు.

నువ్వు గిద్దలూరు వెళ్తే రెండు నూలు తువ్వాళ్లు కొని పంపు, ఇక్కడివి తడిస్తే ఆరవు. పచ్చడి మాత్రం పంపకు, ఈ దేశంలోకి రానివ్వరు. పాస్టరు అయ్యగారికి, చిన్నమ్మకు, బావకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థన చేయండి. నేను తిరిగొచ్చేయాలని కాదు, ఇక్కడ నిలబడాలని చేయండి.

నీ చెల్లెలు,
దీవెన