చెత్తగొట్టంలో బాబిలోన్

బావా,

నీ సంవత్సరీకం నాడే నీ కొడుకు యీషున్‌లోని నీ ఫ్లాట్ సర్దుతూ, నువ్వు ప్రాణంగా చూసుకున్న బాబిలోన్ మట్టిపలక నకలును, అన్ని అంతస్తుల చెత్తా కిందికి జారే చెత్తగొట్టంలో పారేశాడు. "పాత సామాను, లా, మామయ్యా!" అన్నాడు, ప్రతి మాటకీ 'లా' తగిలించే ఇక్కడి యాసలో. ఛీ, అసహ్యం వేసింది. అలాంటి పలక మీద బైబిలు కంటే పాతదైన ప్రళయం కథ బయటపడేసరికి, విక్టోరియా కాలపు దొరలకు బైబిలును బట్టి వేసుకున్న లోకం వయసు లెక్క తప్పిందని చెప్పేవాడివి. ఏడాదికి రెండంకెలు చాలనుకుని, ఇప్పుడు రాబోయే రెండువేల సంవత్సరానికి వణుకుతున్న కంప్యూటర్లవాళ్ల జాతి వీడిది. కాలమంటే ఈ వెధవకేం తెలుసు?

"అది మ్యూజియం సొత్తురా! పారేస్తే ఫైన్!" అని అబద్ధమాడి బెదిరించాను. లిఫ్టు కోసం కూడా ఆగకుండా కిందికి పరుగెత్తాడు. కంపు కొడుతూ సగం ముక్కతో తిరిగొచ్చాడు.

కడిగి నీ ఫోటో పక్కన పెట్టాను. అసలు పలకలు కూడా ముక్కలుగానే దొరికాయనేవాడివి కదా.