మెట్లకి నున్నటి ఎర్ర సిమెంటు వద్దు

నాన్నా,

నువ్వు స్టేషన్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి మెట్లు మళ్ళీ వేయడానికి మిస్త్రీ వచ్చి ఉంటాడు. నేను బడికి, పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. వరండాకీ మెట్లకీ మళ్ళీ ఆ నున్నటి ఎర్ర సిమెంటు పోయించకు. గరుకు రాతి పలకలు వేయించు. దొరక్కపోతే మామూలు సిమెంటే వేసి, ఆరకముందే అడ్డంగా గీతలు గీయమను. అద్దెకున్నవాళ్ళు తడికాళ్ళతో, నీళ్ళ బిందెలతో ఎక్కే మెట్లు అవి.

"రాయి ఏస్తే ప్లాట్‌ఫారంలాగుంటాదే" అని నిన్న నవ్వేసినావు. ప్లాట్‌ఫారం మీద ఎంతమంది నడిచినా రాయి అరగదు, జారదు. మన మెట్లు మెరవాలని, శుక్రవారం లక్ష్మి వస్తాదని అమ్మ ప్రతి గురువారం కొబ్బరినూనె రాసి తుడిచేది. ఆ నూనె మీదే పై వాటా శిబానీ దీదీ జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో కూడా "మాసీమాని ఏమీ అనొద్దు" అని అమ్మనే వెనకేసుకొచ్చింది. అది విని అమ్మ మరీ ఏడ్చింది.

బి.ఏ. చదివినానని వీధిలోవాళ్ళంతా నన్ను సలహా అడుగుతారు. మన ఇంట్లో మాత్రం నా మాట చెల్లదు. చెప్పి చెప్పి అలిసిపోయినాను.

అన్నం, చేపల పులుసు పొయ్యి పక్కన మూత పెట్టి ఉన్నాయి. తినేసి పడుకో.

నీలవేణి

ఇంకో మాట. ఎర్రదే పోయిస్తానంటే నేనింక అడ్డు చెప్పను. పొద్దున్న డాబా మీద బట్టలు ఆరేసి అమ్మ ఆ మెట్లు నిలబడి దిగలేకపోయింది. కూర్చొని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగింది. నీకు చెప్పొద్దంది.