రెప్పపాటు కూడా నిలవని వెలుతురు

చిరంజీవి మేనకోడలికి లైట్ల కొట్టు మావయ్య దీవెనలు.

నువ్వు లేజర్లు తయారుచేస్తావని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. తీరా చూస్తే మీ వెలుతురు రెప్పపాటు కూడా నిలవదట, మీ అమ్మ చెప్పింది. అలాంటి లైటు నేను అమ్మితే తెచ్చి నా మొహాన కొట్టేవారు. కంటి డాక్టరేమో నా శుక్లాన్ని ఆ లేజరుతోనే కోస్తాడట. మధ్యలో ఆరిపోతే నా గతేం కాను? రానని చెప్పేశాను.

మీ మావయ్య

తా.క. ఈమధ్య నీ చేతిరాత మసకగా ఉంటోంది. కలం మార్చు.

మావయ్యకు నమస్కారాలు.

కలం కొత్తదే మావయ్యా, శుక్లమే పాతది. ఆ వెలుతురు గొప్పంతా నిలవకపోవడంలోనే ఉంది. వెంట్రుకంత సన్నటి గాజు తీగ చుట్టలో వెలుతురును తిప్పుతాం. అందులోని రంగులు దేని దారిన అది పోతే ఊరికే వెలుగుతుంది. అన్నీ అడుగు కలిపాయా, బలమంతా ఒక్క మెరుపులో పోగవుతుంది. సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ కోటి చేస్తే, వాటిలో ఏ కొన్ని ముక్కలంతసేపో ఆ మెరుపు. దానితో కోస్తే పక్కకు వేడి పాకే వ్యవధే ఉండదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆలస్యం చేస్తే చూపు పోతుంది, ఒప్పుకో.

నీ మేనకోడలు

తా.క. నా కొత్త లేజరే మొండికేసింది. మెరుపుల్లేవు, ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఏడుపొస్తోంది.

చిరంజీవికి దీవెనలు.

లైటు ఆరడం లేదని ఏడ్చేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను. దాన్ని ముట్టుకోకు. డాక్టరుకు అదే పంపు, రేపే వెళ్లి పడుకుంటాను. నిలకడంటే ఏమిటో మీ ల్యాబు పెద్దాయనకు తెలియాలని మా కొట్లోకెల్లా మేలైన ఇత్తడి టేబుల్ లైటు పార్సిలు చేశాను.

మావయ్య

తా.క. పాడైన సరుకు ఇంతవరకూ ఎవరికీ అంటగట్టలేదని కూడా ఆయనకు చెప్పు.

మావయ్యకు వేవేల నమస్కారాలు.

పార్సిలు అంత బరువుంటుందని తెలియక మా పెద్దాయన దాన్ని నా బల్లమీద దభీమని పడేశారు. గాజు తీగ అదిరింది. రంగులన్నీ అడుగు కలిపాయి. మెరుపులే మెరుపులు. వీటికి ఒక్కోసారి చిన్న కుదుపే మందు. ఇప్పుడు పార్సిలు విప్పడానికి కూడా ఆయన ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

నీ మేనకోడలు

తా.క. నీ లైటే మా లేజరును నడిపించింది. ఇంకా భయమా?

చిరంజీవికి మనసారా దీవెనలు.

మన కొట్టు సరుకు చలవే అన్నావు కాబట్టి ధైర్యం చేసి పడుకున్నాను. మంట లేదు, నొప్పి లేదు. లోకాన్ని ఎవరో కడిగి ఆరేసినట్టుంది. అలాంటి వెలుతురును పట్టిన మీ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది తల్లీ. నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. నీ చేతిరాత మొదటినుంచీ ముత్యాలే.

ఆ ఉత్సాహంలోనే కొట్టు సర్దాను. మీకు పంపాననుకున్న మేలైన లైటు అలమరాలోనే ఉంది. దాని పక్కన ఉండాల్సిన కాలిపోయిన లైటు మాత్రం కనిపించడం లేదు.

మావయ్య

తా.క. మీ పెద్దాయన చెప్పిందే సబబు. ఆ పార్సిలు ఎన్నటికీ విప్పకండి.