విమానం ముక్కుకు గాలి

సెప్టెంబరు 7

మళ్ళీ కాగింది. సేఠ్ తన విమానం ఇంజన్‌ని పూర్తిగా రేజ్ చేశాడు, చేతిలో టీ చల్లారకముందే వేడి చూపే సూది ఎర్రగీత ఎక్కి కూర్చుంది. ఇంజన్ మీది మూత రేకు నాది, కాబట్టి తప్పూ నాదే. తిట్టినా బాగుండేది. ఈ పార్సీ ముసలాయన తిట్టడు... టోపీ తీసి, చూసి, మళ్ళీ పెట్టుకుంటాడు. అదే నాకు మంట.

సెప్టెంబరు 9

ముక్కు రంధ్రాలు పెద్దవి చేస్తానన్నాను. కొలిమికి నోరు పెద్దదయితేనే కదా గాలి. "ఆగే నహీ, పీఛే దేఖ్" అంటాడు సేఠ్. వెనక ఏముంది చూడ్డానికి? కామాటిపురలో నాన్న దుకాణంలో పాకే వయసు నుంచీ రేకుల మధ్య పెరిగినవాణ్ణి. నాకు చెప్పొచ్చాడు.

సెప్టెంబరు 14

పెద్దవి చేశాను. సూది అక్కడే. ఇవాళ్టికి ఇంతే, రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు 16

దసరా అయ్యాక విమానాన్ని పరీక్షించే ఇన్‌స్పెక్టర్ వస్తాడట. అప్పుడు గనక ఇంజన్ కాగితే ఇక అంతే. సేఠ్ కళ్ళు మసకబారుతున్నాయి, వచ్చే ఏడు విమానం నడిపే లైసెన్సు ఇవ్వరు. తన చేత్తో కట్టుకున్న విమానంలో ఒక్కసారైనా తనే ఎగరాలట. "నహీ తో భంగార్ మే" అని నవ్వాడు. అదేం నవ్వు! నా కత్తెర తగిలిన రేకు పాత ఇనప సామాన్ల బండి ఎక్కడమా? అన్నం సయించలేదు. ఆయన ఎగరాలి. ఒక్కసారి. నాకూ అంతే కావాలి.

సెప్టెంబరు 18

నా పెళ్ళాం నర్సవ్వ మిరపకాయలు వేయిస్తోంది. ఉన్నదే ఒక్క గది ఖోలీ, దాన్నిండా ఘాటు. దగ్గలేక తలుపు బార్లా తీశాను. తగ్గలేదు. పొయ్యి దగ్గర్నుంచి కేక —

"ముంగట తలుపు ఎంత తీస్తే ఏంది? పొగ పోనీకి తొవ్వ లేకపాయె. ఎనుక కిటికీ తెరువరాదు!"

తెరిచాను. పోయింది. కిటికీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ ముసలాయన మొత్తుకుంది ఇదే కదా. లోపలికి గాలి ఎంత పోతే ఏం, బయటికి దారి లేనప్పుడు? ఆయన చెబితే రోషం, ఇంట్లో చెబితే జ్ఞానం. ఛీ, నా బుద్ధికి!

సెప్టెంబరు 21

జుహూలో విమానం షెడ్డు. పొద్దంతా పని. మూత కింది అంచు వంచి, గాలి బయటికి పోయే సందు వెడల్పు చేశాను. గాలి పక్కదారి పట్టకుండా సిలిండర్ల మధ్య రేకు ముక్కలు అడ్డం పెట్టాం. ముక్కు రంధ్రాలు మళ్ళీ చిన్నవి చేశా. అతుకు కనపడుతోంది... కనపడనీ.

సూది గీత కిందే ఆగింది! సేఠ్ నా వీపు చరిచి, మావా కేకు తినిపించాడు. ఇంకోటి అడిగి తిన్నాను.

సెప్టెంబరు 25

ఇంజన్ పీల్చుకునే గాలికి విడిగా గొట్టం చేశా, చల్లగాలి అందేట్టు, అడుగున. లోపల తీగ జాలీ కట్టమంటాడు సేఠ్. అందులో ఏ పిట్ట దూరుతుందట? గొణుక్కుంటూనే కట్టాను. కట్టాక చూస్తే, అబ్బ, ముద్దొచ్చింది.

సద్దుల బతుకమ్మ

మేముండే చాల్ ముందర ఆడవాళ్ళ పాటలు. నర్సవ్వ దాదర్ నుంచి బుట్టెడు బంతిపూలు తెచ్చింది. సగం బతుకమ్మకు. మిగతా సగం? "నీ ఇమానంకు. పండుగకు నా సవితికి పూలు పెట్టకుంటే ఎట్ల?" హాయిగా ఉంది. ఈ ఏడు ఇంత హాయి ఎప్పుడూ లేదు.

దసరా

దుకాణంలో సుత్తెలకు, కత్తెరలకు పసుపు కుంకుమలు పెట్టి, బస్సెక్కి నర్సవ్వా నేనూ జుహూకు. విమానం పంకాకు దండ, చక్రాల దగ్గర కొబ్బరికాయ. పనిముట్టుకు ఎన్ని సందులుంటే అన్ని పూలు — మా ఇంటి పద్ధతి. ముక్కు రంధ్రాల్లో గుప్పెడేసి దూర్చాను. సేఠ్ చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఇవాళ యంత్రం ముట్టకూడదు, పెట్టిన పూవు తీయకూడదు.

దసరా మర్నాడు

ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే దిగాడు. కంగారుగా దండ ఒక్కటే తీశాను. ఇంజన్ తిరిగింది. సూది పైకి... పైకి... ఎర్రగీత.

సేఠ్ టోపీ తీశాడు. ఈసారి మళ్ళీ పెట్టుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ ముక్కెగరేసి వాసన చూశాడు. మూత విప్పితే... సిలిండర్ల సందుల్లో నా బంతిరెక్కలు, సగం ఉడికి! నేల చీలితే దూరేవాణ్ణి. ఆయన పడీపడీ నవ్వాడు. "మాఝ్యా స్కూటర్‌లా పణ్ హార్ ఆహే" అంటాడు, తన స్కూటర్‌కూ దండ ఉందట. ముగ్గురం కూర్చుని ఒక్కో రెక్కా ఏరాం. మళ్ళీ తిప్పాం. గీత కిందే. సంతకం పెట్టాడు. దేవుడిలాంటి మనిషి.

అక్టోబరు 19

జుహూలో పనిముట్ల పెట్టె మీద కూర్చుని రాస్తున్నా.

సేఠ్ ఒక్కడే ఎక్కాడు. మొదటిసారి ఇద్దరు ఎక్కకూడదట. నాకేం ఎక్కాలని లేదన్నాను, అబద్ధం. పరుగెత్తింది, పరుగెత్తింది — లేచింది! నా రేకు ఎండకు మెరిసింది. ఏడ్చేశాను. ఏం, ఏడవకూడదా? నర్సవ్వ అందరి ముందూ నా చెయ్యి పట్టుకుంది.

సముద్రం మీదికి పోయింది. ఒక చుట్టు చుట్టి వస్తానన్నాడు.

టిఫిన్ డబ్బా విప్పుతూ నర్సవ్వ — "పూలన్ని తీసినవ్ గద?"

"తీసిన."

"కింద గొట్టంలది గూడ?"

ఏ గొట్టం? ఇంజన్ గాలి పీల్చేదా?

"నువ్వు కొబ్బరికాయ కొడుతుంటే నేనే పెట్టిన. పెద్ద ముద్దబంతి. కింద పడకుండ లోపటికి తోసిన."

ఆ గొట్టం మేమెవ్వరం విప్పలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు తిరిగినప్పుడు ఇంజన్ బాగానే పీల్చింది కదా... ఎండి రాలిపోయి ఉంటుంది. లేదా ఇంజన్‌లోకి పోకుండా జాలీకి అంటుకుని ఉంటుంది. జాలీ నేనే కట్టాను. గట్టిగా కట్టాను. నేను కట్టింది ఊడదు.

తిరిగొచ్చే విమానం చప్పుడు ఇంకా లేదు. నర్సవ్వ గాజులు కూడా కదలకుండా పట్టుకుని, సముద్రం వైపు చెవి పెట్టి కూర్చుంది.