గిన్నెల అడుగున పేర్లు

ఆల్డర్ క్రీక్
మంగళవారం, వాన

నాయనా కెల్విన్,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. బాగున్నామని రాయగానే ఏదో ఒకటి ముంచుకొస్తుందని నాకు భయం, అందుకని ఎడమచేత్తో చెక్కబల్ల పట్టుకుని రాస్తున్నాను. అక్కడ నువ్వూ బాగున్నావనీ, వ్యాన్‌లో పడుకునేటప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచుతున్నావనీ అనుకుంటాను. మరీ ఎక్కువ తెరవకు.

నీ ఉత్తరం చేరింది. నా మోకాలు సంగతి అడిగావు, అలాగే ఉంది. గొర్రెలను పక్క పొలం క్లారీ చూస్తున్నాడు. మీ కుక్క టిగ్‌ని పాతిపెట్టిన చోట గడ్డి బాగా మొలిచింది, గొర్రెలు దాన్ని మేయకుండా చిన్న కంచె కూడా కట్టాడు. తన చెల్లెలి కాలు విరిగిందని లాన్సెస్టన్ వెళ్ళిన కోడలు రోజ్ శుక్రవారం తిరిగొచ్చింది. నీ పాటల రికార్డు నాకు నచ్చిందా అని అడిగావు. అది చివర రాస్తాను.

అక్కడ పబ్బుల్లో ఎవరూ వినడం లేదనీ, వచ్చే నెల మన ఊరి హాలు కూడా ఖాళీగా ఉంటే గిటారు గోడకు తగిలించేసి పాల లారీ నడుపుకుంటాననీ రాశావు. అది చదివినప్పటినుంచీ నాకు తిండి సహించడం లేదు. పాల లారీలు మలుపుల్లో బోర్లా పడతాయి నాయనా.

నీ రికార్డు మొదటిసారి పెట్టినప్పుడు మెషిన్ పాడైందనుకున్నాను. ఒక మాట వస్తుంది, తరువాత ఏమీ ఉండదు, ఎప్పటికో ఒక తీగ మోగుతుంది. ప్లగ్గు మార్చాను, మెషిన్‌ని తట్టాను, చివరికి రిపేరు అతని దగ్గరికి పట్టుకెళ్ళాను. అతను సాంతం విని, మెషిన్‌కేం కాలేదనీ మీ అబ్బాయే అలా పాడాడనీ చెప్పాడు. డ్రమ్ములు వాయించేవాళ్ళు దొరకలేదా? చెబితే ఇక్కడ ఎవరినైనా అడిగేదాన్ని కదా.

హాల్లో అల్లికల రోజున, నా పక్కన కూర్చుని అల్లే ఆవిస్ పట్టుబట్టడంతో అక్కడా పెట్టాను. నాలుగో పాట వచ్చింది. పొద్దున తలుపు తీస్తే ఎవరూ ఎదురురారు, నీ చోటు చల్లగా ఉంది అని పాడావే, అది. అల్లిక సూదులన్నీ ఆగిపోయాయి. ఆవిస్ ముక్కు చీదుకుని, రోజ్ ఎక్కడని అడిగింది. లాన్సెస్టన్‌లో ఉందన్నాను. అంతే అన్నాను.

మర్నాడు పొద్దున గడప ముందు మూతపెట్టిన గిన్నె. లోపల గొర్రెమాంసం, బంగాళాదుంపలు. మధ్యాహ్నానికి ఇంకో రెండు. మన ఊళ్ళో అలా గిన్నెలు చావు ఇంటికే వస్తాయని నీకు తెలుసు. పోయేది నేనేననుకున్నాను. డాక్టరు నాకు దాచి ఊరందరికీ చెప్పాడనుకున్నాను. మంచి దుప్పట్లు ఉతికి ఆరేశాను, కోళ్ళు ఎవరికివ్వాలో కూడా అనుకున్నాను. ఆవిస్ మకరోనీ గిన్నెతో వచ్చినప్పుడు ఇక ఆగలేక, నాకింకా ఎన్నాళ్ళుందో దాచకుండా చెప్పమన్నాను.

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అంది. "ఇవన్నీ కెల్విన్‌కి. ఊరికి తిరిగొస్తే వండిపెట్టే దిక్కేది? ఆ రోజ్ వాడిని వదిలేసి ఇంత పని చేస్తుందనుకోలేదు. పాపం, మావాళ్ళందరూ వాడి పాటకి టిక్కెట్లు కొన్నారులే."

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పాల లారీ కళ్ళముందు కనిపించింది. నోరు మూసుకుని గిన్నె అందుకున్నాను.

శుక్రవారం రోజ్ వచ్చి నా ఫ్రిజ్ తెరిచింది. ఒక్కో గిన్నే పైకెత్తి అడుగున తెల్లటేపు మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చదివింది.

"ఎవరు పోయారు అత్తయ్యా?"

"నువ్వేనమ్మా," అన్నాను.

అంతా చెప్పేశాను. కుర్చీలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక మంచినీళ్ళిచ్చాను. తాగి, కారు తాళాలు తీసుకుంది. నిజం తెలిస్తే టిక్కెట్లు వెనక్కి ఇచ్చేస్తారని బతిమాలాను. "జాలిపడి వచ్చినవాళ్ళకి ఆయన పాడడు. ఆ సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు," అంది. తెలుసు కాబట్టే కారెక్కాను.

టిక్కెట్లు అమ్మే ఊరి కొట్లో ఆవిస్ ఉంది, క్లారీ ఉన్నాడు, ఇంకా చాలామంది ఉన్నారు. నేను దాణా బస్తాల వెనక నిలబడ్డాను. తను ఎవరినీ వదల్లేదనీ, ఆ నాలుగో పాట టిగ్ పోయినప్పుడు నువ్వు కట్టిందనీ రోజ్ చెప్పింది.

క్లారీ టోపీ తీశాడు. సొంత పెళ్ళాన్ని పాతిపెట్టిన రోజు కూడా వానల గురించే మాట్లాడిన మనిషి, చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు.

"నేను టిక్కెట్టు కొనలేదమ్మాయ్," అన్నాడు. "మొగుడూ పెళ్ళాల గోల నాకెందుకులే అనుకున్నా. టిగ్ గురించని ముందే చెప్పొద్దూ? రెండివ్వు."

"ఇంకోటి ఎవరికి?" అంది రోజ్.

"మా బెస్‌కి. టిగ్‌కి తోడబుట్టింది కదా."

ఒక్కరంటే ఒక్కరు టిక్కెట్టు వెనక్కివ్వలేదు. ఆవిస్ మాత్రం గిన్నె వెనక్కిమ్మంది. అప్పటినుంచీ గొర్రెలవాళ్ళందరూ కుక్కల పేరన కూడా టిక్కెట్లు అడుగుతున్నారు. హాలువాళ్ళు మాట్లాడుకుని వెనక వరస కుక్కలకిచ్చారు. నువ్వు గొంతెత్తితే అవి ఊళపెడతాయేమోనని ఇప్పుడు నా దిగులు. మెల్లగానే పాడు.

రికార్డు నచ్చిందా అన్నావు. మొదట నచ్చలేదు నాయనా. ఇప్పుడు గిన్నెలు తోముతూ రోజూ పెట్టుకుంటున్నాను. రెండు పాటల నడుమ కిర్రుమని చప్పుడొస్తుంది చూడు, అది నా వంటింటి కుర్చీ. చెప్పకుండా పట్టుకుపోయావు, దొంగలెత్తుకుపోయారని నేను తలుపుకి రెండో గొళ్ళెం వేయించాను. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా తిన్నగా కూర్చోరా అనబోయి బల్లవైపు తిరుగుతాను. డ్రమ్ములుంటే అది వినపడేది కాదు.

కుర్చీ వెనక్కి తీసుకురా, దాని మీదే కూర్చుని పాడు. సముద్రం దాటి వచ్చేటప్పుడు ఓడలో అంచు దగ్గర నిలబడకు. గిన్నెలు ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి రోజూ బిస్కెట్లు చేస్తున్నాను. ఇంకొక్క మాట. మకరోనీ గిన్నె అడుగునైనా పేరుంటుంది. ఆ పాట మీద కూడా టిగ్ పేరు రాసిపెట్టు, మళ్ళీ ఎవరూ నీకు వండి పంపించకుండా ఉంటారు.

ఇట్లు,
తడిచేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ,
మీ అమ్మ
మెర్ల్