సీసాలో మిగిలిన మూడు మాత్రలు

విశాఖపట్నం,
11 ఏప్రిల్ 2007

చిరంజీవి సుక్రుకు,

విశ్వాసం మేస్టారు ఆశీర్వదించి రాస్తున్నది. మీ కొండదేవతా, మా ప్రభువూ ఇద్దరూ నిన్నూ నీ ఇల్లాలు సోనినీ చల్లగా చూడాలి. నా కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. ఒక కంటికి కట్టు ఉంది, రెండో కంటితో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. విషయంలో మాత్రం వంకర లేదు.

సోమవారం బస్సెక్కే ముందు మీ ఇంటికొచ్చి నీ మందు సీసా లెక్కపెట్టాను కదా. మూడు మాత్రలు ఎక్కువున్నాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. ఇదేమిటని అడిగితే, సెప్పినట్టే ఏసుకున్నాను మేస్టారూ, ఒక్క పూటా మానీనేదు అన్నావు. అంటూనే తల దించుకున్నావు. గుమ్మం పక్కన సొరకాయ బుర్ర వేలాడుతోంది. మూత తీసి వాసన చూశాను. జీలుగు కల్లు.

సుక్రూ, నేను పదకొండేళ్ళు తాగినవాణ్ణి. బడిలో సుద్దముక్కల డబ్బా వెనక సీసా దాచి, పిల్లలకు నీతిపాఠం చెప్పినవాణ్ణి. నీ మాటలు తాగుడెరగని వాళ్ళ దగ్గర చెల్లుతాయేమో, నా దగ్గర చెల్లవు. తాగుడు మాన్పించే మన హోములో నువ్వున్న నాలుగు నెలలూ నీ దిండు కింద చేయి పెట్టి చూస్తూనే ఉన్నాను. నిన్ను ఇంటికి పంపేటప్పుడు, నాతోపాటు హోము చూసుకునే మా మగ్దలేనమ్మ నీకో వాచీ కొనిద్దామంది. నేనే వద్దన్నాను. సంతలో అమ్ముకుని తాగేస్తావని నా అనుమానం. మీ ఇల్లు మా ప్రభువు గుడికి దిగువనే కదా, పొద్దునా సాయంత్రమూ నేను కొట్టే గంట విని ఒక్కోటి వేసుకో అన్నాను. అంత సులువు చేసిపెట్టినా తప్పావు.

ఎప్పుడు తప్పావో కూడా తెలుసు. పోయిన వారం మీ ఊళ్ళో ఇటుకల పండుగ, మీ కొండవాళ్ళ చైత్రమాసపు వేట పండుగ. ఇంటింటా చుట్టాలు, కల్లు. గుడ్ ఫ్రైడే పనుల్లో పడి నేను మీ ఇంటివైపు రానని నీకు బాగా తెలుసు.

హెచ్.ఐ.వి. మందు జ్వరం బిళ్ళ కాదు. పూటలు తప్పుతూ పోతే లోపలి జబ్బు మందుకు లొంగడం మానేస్తుందని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. నాది కోపం కాదు, భయం. నీకు ముందు హోములో ఉండి వెళ్ళిన సోమన్న మాట ఇలాగే నమ్మి ఊరుకున్నాను. ఆర్నెల్లకు అతన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ణి. మళ్ళీ ఆ పని నా వల్ల కాదు.

కాబట్టి సోమవారం లోపు వచ్చి హోములో చేరు. మూడు నెలలు ఉండాలి. కాఫీ తోటలో పని పోతుందంటావు, సోని ఒక్కతీ ఉండలేదంటావు. నేను వినను. నువ్వు రాకపోతే ఆసుపత్రి కాగితం మీద నీకు పూచీగా సంతకం పెట్టడం ఈ నెలతో ఆపేస్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే
విశ్వాసం

తా.క. కవరు అంటించబోతుండగా మగ్దలేనమ్మ అనంతగిరి బస్సు దిగి నేరుగా ఇక్కడికొచ్చింది. నిన్న సోని ఏడుస్తూ ఆమె దగ్గరకు వెళ్ళిందట. ఆ కల్లు సోని అన్నదమ్ములదట. వాళ్ళు తాగుతున్నంతసేపూ నువ్వు వెళ్ళి కాఫీ మొక్కల మధ్య గుడివైపు చెవి పెట్టి కూర్చున్నావట. శుక్రవారం రెండు పూటలా గంట లేదు. శనివారం పొద్దునా లేదు. మేస్టారు గంట కొట్టనేదంటే ఆ పూట మందు వద్దనే గావాల అనుకున్నాం అమ్మా అందట సోని. శనివారం రాత్రి ఈస్టరు గంట మోగగానే నిద్రలోంచి లేచి మాత్ర మింగావట.

ప్రభువు మరణానికి దుఃఖపడే ఆ రోజుల్లో మా గుడిలో గంట కొట్టరు. గురువారం పూజలో చివరిసారి కొట్టి తాడు పైకి చుట్టి కట్టింది నేనే. ఏటా కట్టేదే. నీకో మాట చెప్పాలని తోచలేదు. వాచీ ఇచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

క్షమించు సుక్రూ. ఉత్తరం చించేద్దామనుకున్నాను. కానీ నీ గురించి నేనేమనుకున్నానో నీకు తెలియాలి. హోముకు రానక్కర్లేదు. మూడు పూటలు తప్పడం నా వల్లేనని డాక్టరమ్మకు నేనే చెబుతాను. నా చేతి వాచీ మగ్దలేనమ్మతో పంపుతున్నాను. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు వేసుకో, గంట మోగినా మోగకపోయినా. ఇకమీదట సీసా నేను ముట్టుకోను. నువ్వే లెక్కపెట్టి చెప్పు, నమ్ముతాను.