పొట్ట పోయిన చిత్రిక

ఫ్రాంక్లిన్, టాస్మేనియా
జూలై 9

చిరంజీవి రోవన్‌కు అక్క థెల్మా దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నా కోపం మరీ బాగుంది. పెర్త్‌లో నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన ఖరీదైన కొత్త చిత్రిక అందిందా అని రెండుసార్లు అడిగావు. అందింది. పెట్టెలోంచి తీసి చెక్క మీద తోస్తే ఉల్లిపొరలా పొట్టు లేచింది. మంచి పనిముట్టే, కాదనను. నాకు ఒళ్లు మండింది దానితో వచ్చిన చీటీ చూసి. "ఆ తుప్పు సామాను తోముతూ ఎన్నాళ్లు కూర్చుంటావు? నాన్న పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్" అంటావా? నాన్న పడవలు కట్టి నిన్ను చదివించింది ఆ తుప్పు సామానుతోనే రా! ఆ పెట్టె మోయాల్సిన రోజున నీకు నడుం పట్టేసింది. సలహాలకు మాత్రం నోరు బాగానే లేస్తోంది.

నాన్న చెక్క చిత్రిక ఏమైందని కూడా అడిగావు. కొత్తదానిలా చేశానని కిందటిసారి రాశాను. అది నిజమే. నిజం కావడమే నా ఖర్మ.

దాని అడుగు అంచుల్లో అరిగి, మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించింది. ఇరవై ఏళ్లుగా సంతల్లో పాతవి కొని బాగుచేస్తున్నదాన్ని, నాకెవరు చెప్పాలి? అద్దం మీద గరుకు కాగితం పరిచి రెండు రోజులు రుద్దాను. స్కేలు ఆనిస్తే కింద వెలుతురు దూరలేదు. ఒకప్పుడు నాన్నతో పనిచేసి, ఇప్పుడు నాన్న పడవలాంటిదే కడుతున్న క్లారీకి వాడుకోమని గర్వంగా పట్టుకెళ్లాను. ఆయన అడుగు తడిమి చూశాడు.

"ఏంటమ్మా థెల్మా, దీని పొట్ట ఏదీ?"

"పొట్టేంటి? అరుగుదల. తీసేశాను."

"అరుగుదలా! పలక లోపలివైపు గుంట తియ్యడానికి మీ నాన్న చెక్కుకున్న పొట్ట తల్లీ అది. గుంట తీస్తేనే పలక పడవ వంపుకి అతుక్కునేది. ఎంత వంపో ఒక్కడికీ చెప్పి చావలేదు. నేనడిగితే, నీది నువ్వు చెక్కుకో పోరా అన్నాడు."

"మళ్లీ చెక్కలేమా?"

"ఏదో ఒక వంపు చెక్కుతాను. మీ నాన్నది ఎక్కణ్ణించి తేను?"

నిన్ను తిట్టడానికే కూర్చున్నాను, రోవన్. ఎవరికైనా ఇచ్చెయ్యమన్న నువ్వు దాని జోలికి పోలేదు. ప్రాణంగా దాచుకున్న నేనే చెరిపేశాను. మూడు వారాలుగా అందరినీ కసురుతున్నాను. మా ఆయన షెడ్డువైపు రావడమే మానేశాడు. నీకు ఫోన్ చేశాను కదా, గుర్తుందా? చెప్పబోయి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. నువ్వు పట్టుకెళ్లిన నాన్న పడవకు వచ్చే నెల లోపలా బయటా మిషను పట్టించి, నున్నగా చేసి, వార్నిష్ వేయిస్తానన్నావు. ఆపు. లోపల పలకల మీద చెయ్యి పెట్టి అడ్డంగా తడుము. ఆ చిత్రికతో నాన్న తీసిన గుంటలు తెలుస్తాయి. ఒక అట్టముక్క వాటికి సరిగ్గా అతికేలా కత్తిరించి పంపు. ఆ వంపు ఇంకెక్కడా మిగల్లేదు. నేను నిన్ను ఏదీ అడిగి ఎరగను. ఇది అడుగుతున్నాను.

ఒకవేళ ఇది చేరేలోపే మిషను పట్టించేసి ఉంటే, ఆ సంగతి నాకు రాయి, భయపడకు. ఒక్క మాట కూడా అనను. ఏ ముఖం పెట్టుకుని అనగలను?

ఇట్లు,
తప్పు తనదైనా నీ మీదే అరిచే
అక్క థెల్మా